ఏటి అడుగున ప్లాస్టిక్, గట్టు మీద బతుకులు

(యానాంలో యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడే మనిషి ముందు ఒక నీళ్ల సీసా పెట్టడం మన కూడికల్లో ఆనవాయితీ. ఈ పూట దాన్ని తాగడానికి కాక చూపించడానికి వాడుకుంటాను. మూతలోంచి ఒక చిన్న ముక్క, సీసాలోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి ఈ గాజు గ్లాసులో నీళ్లలో వేస్తున్నాను. వేలితో ఒకసారి ముంచుతున్నాను, గాలి బుడగలు పోవడానికి. ముందు వరసల్లో ఉన్నవాళ్లకు కనబడుతోంది కదా? మూత ముక్క పైకి తేలింది. సీసా ముక్క అడుగుకు పోయి కూర్చుంది. ఒకే కంపెనీ, ఒకే సీసా. అయినా నదిలో పడితే రెండు దారులు.

నదిలో ప్లాస్టిక్ అనగానే మనకు తేలేదే గుర్తొస్తుంది. పేపర్లో వేసే ఫోటోలన్నీ దానివే. మునిగిపోయినదాన్ని ఎవరూ ఫోటో తీయరు. నేను మాట్లాడేది దాని గురించి. అది అడుగున ఊరికే పడి ఉండదు. ఏ ఇసుకలో కలిసిందో ఆ ఇసుక నీటి తాకిడికి నిలబడే తీరును మారుస్తుంది. ఏటికి అడుగు ఎంత గట్టిగా ఉందో, గట్టు అంత గట్టిగా ఉంటుంది. గట్టు పక్కనే ఉన్న ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు ఒక సంగతి గమనించండి. ఇక్కడికి మీరు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. నాందేడ్ నుంచి వచ్చినవాళ్ల ఊరు గోదావరి ఒడ్డునే ఉంది. బల్లార్షా వాళ్ల వార్ధా నది ప్రాణహితగా మారి సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. బీదర్ వాళ్ల మంజీర కూడా గోదావరిలోకే వస్తుంది. జయపురం, కోరాపుట్ వైపు నుంచి వచ్చినవాళ్ల కొలాబ్ నదే కింద శబరి అయి కూనవరం దగ్గర కలుస్తుంది. అంటే మీరు బస్సుల్లో, రైళ్లలో వచ్చిన దూరాన్ని మీ ఊరి మురుగు కాలవ కూడా నడిచి వస్తుంది. కాస్త ఆలస్యంగా. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. ఆ నడక చివరి అంచున, గౌతమి పాయ పక్కన మనం కూర్చుని ఉన్నాం. చెన్నై, తిరుప్పూరు వాళ్లు తప్పించుకున్నాం అనుకోవద్దు, మీ దగ్గరికీ వస్తాను.

5 మిల్లీమీటర్ల కంటే చిన్నదైన ప్లాస్టిక్ ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. ఇంగ్లండులోని ప్లిమత్‌కు చెందిన రిచర్డ్ థామ్సన్, ఆయన తోటివారు 2004లో రాసిన వ్యాసంతో ఈ మాట లోకానికి బాగా తెలిసింది. వాళ్లు సముద్రం గురించి రాశారు. నదుల అడుగు సంగతికి శాస్త్రవేత్తలు రావడానికి ఇంకో పదేళ్లు పైనే పట్టింది.

ఇసుక రేణువు ఎక్కువగా క్వార్ట్జ్. నీటికి 2.65 రెట్లు బరువు. మునిగి ఉన్న వస్తువును నీరు పైకి నెడుతుంది కాబట్టి, నీళ్లలో దానికి మిగిలే బరువు 1.65 వంతులే. ఇప్పుడు ప్లాస్టిక్ చూడండి. నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్‌కు నీళ్లలో మిగిలేది 0.38. ఇసుకలో నాలుగో వంతు కూడా కాదు. నైలాన్ వలకు 0.14. వాడి పారేసే గట్టి ప్లాస్టిక్ కప్పుల్లో వాడే పాలీస్టైరీన్‌కు 0.05, అంటే ఇసుకలో ముప్పై మూడో వంతు. ఇవన్నీ మునిగే రకాలే, కానీ మునిగి కూర్చున్నాక లేవడానికి వాటికి పెద్ద ప్రవాహం అక్కర్లేదు. ఇసుక కదలని నీటికి కూడా అవి కదులుతాయి.

దీన్ని ప్లాస్టిక్ రోజులకు ముందే ఒకాయన కొలిచాడు. ఆల్బర్ట్ షీల్డ్స్ అనే అమెరికా ఇంజినీరు 1936లో బెర్లిన్‌లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథం ఈనాటికీ నదుల ఇంజినీర్లకు మొదటి పాఠం. అడుగున ఉన్న రేణువు ఎంత తాకిడికి కదులుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఇసుకే కాకుండా వేర్వేరు బరువులున్న రేణువులు కావాలి కదా, అందుకని గ్రానైట్, ముగ్గురాయి, లిగ్నైట్, అంబర్ వాడాడు. ముగ్గురాయి అంటే మన మంగంపేటలో తవ్వేదే. లిగ్నైట్ తమిళనాడు వాళ్లకు తెలుసు, నెయ్‌వేలి బొగ్గు. అంబర్ అంటే ఎన్నో యుగాల కింద చెట్ల నుంచి కారిన బంక గట్టిపడి రాయిలా అయినది. అంబర్ బరువు నీటికంటే చాలా కొద్దిగా ఎక్కువ, దాదాపు పాలీస్టైరీన్ బరువే. ఆ రోజుల్లో అంత తేలిక రేణువు దొరకాలంటే చెట్టు బంక తప్ప దారి లేదు. ఇప్పుడు మన ప్రతి కాలవలో ఉంది.

షీల్డ్స్ లెక్క ప్లాస్టిక్‌కు యథాతథంగా సరిపోతుందా? సరిపోదు. జర్మనీలో ఆఖెన్ నగరంలో వాల్డ్‌ష్లేగర్, షుట్రుంప్ఫ్ అనే ఇద్దరు గాజు కాలవలో ఇసుక, గులకరాళ్లు పరిచి, మీద ప్లాస్టిక్ ముక్కలు వేసి, నీరు పారించి 2019లో ఫలితాలు ప్రచురించారు. బరువు ఒక్కటే కాదు, పక్కన ఎవరున్నారన్నది కూడా లెక్కకు వస్తుందని తేలింది. సన్నని ఇసుక మీద పెద్ద ప్లాస్టిక్ ముక్క పడితే తల బయటపెట్టి కూర్చుంటుంది, మొదటి తోపుకే లేస్తుంది. అదే చిన్న ముక్క గులకరాళ్ల సందులో పడితే రాళ్ల నీడన దాక్కుంటుంది, పెద్ద రాయి కదిలేదాకా అదీ కదలదు. రద్దీ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి, లోపల నలుగురి మధ్య ఇరుక్కున్నవాడికి ఉన్న తేడా అనుకోండి. బ్రేకు వేస్తే ముందు పడేదెవరో మీకు తెలుసు.

కాబట్టి నది అడుగున రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పైపొరలో ఉన్నది చిన్న పాటు నీటికే లేచిపోతుంది. లోపలికి దిగినది ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఏటి నీరు అడుగు మీదుగా మాత్రమే పారదు, ఇసుక లోపలికి దిగి మళ్లీ కొంత దూరంలో పైకి వస్తుంది. చెలమ తవ్వినవాళ్లకు ఇది తెలుసు. ఆ దిగే నీటితో పాటు సన్నని ప్లాస్టిక్ కూడా దిగుతుంది. బర్మింగ్‌హామ్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల వాళ్లు 2022లో వేసిన లెక్క ప్రకారం, నది పుట్టే చోట ఉండే చిన్న వాగుల్లో, నీరు తక్కువగా ఉన్నప్పుడు, ఒక కిలోమీటరు దాటడానికి ప్లాస్టిక్ రేణువుకు ఏడేళ్ల దాకా పట్టవచ్చు. మనం పారేసిన షాంపూ ప్యాకెట్టు పొడి అయి ఊరి పొలిమేర దాటేలోపు మన పిల్లలు బడికి వెళ్తుంటారు.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది. ఏటి అడుగును బరువు ఒక్కటే పట్టి ఉంచదు. జిగురు కూడా పట్టి ఉంచుతుంది. రేవులో మెట్టు మీద కాలు పెడితే జారుతుంది చూశారా, ఆ పాకుడు లాంటిదే సన్నని పొరగా ఇసుక రేణువుల మధ్య కూడా ఉంటుంది. కంటికి కనబడని నాచులు, సూక్ష్మజీవులు స్రవించే బంక అది. రేణువుకీ రేణువుకీ ముడివేస్తుంది. ఆ బంక ఉన్న ఇసుక, లేని ఇసుక కంటే ఎక్కువ తాకిడి తట్టుకుంటుంది. బంకమట్టి ఉన్న అడుగు కూడా అంతే. మట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి.

ఆ కట్టులోకి ప్లాస్టిక్ చేరితే? జీవులు ప్లాస్టిక్ మీద కూడా పాకుడు పెడతాయి. అసలు తేలే రకం కూడా మునగడానికి ఒక కారణం అదే. పాకుడు పట్టి, మట్టి అంటుకుని, బరువెక్కి దిగిపోతుంది. దిగాక, గోడలో ఇటుకల మధ్య థర్మోకోల్ ముక్క పెట్టినట్టు ఉంటుంది. గోడ నిలబడే ఉంది, అయితే ఆ చోట బరువు లేదు. నీరు ఆ ముక్కను లాగేస్తే అక్కడ గుంట మిగులుతుంది, పక్క రేణువుకు ఆసరా పోతుంది. నూలు పోగుల్లాంటివైతే ఇసుకలో చిక్కుకుని ఉంటాయి. పలచటి కవరు ముక్కలైతే దుప్పటిలా కప్పి కింద ఇసుకను కాస్త కాపాడతాయి కూడా. కాదనను. అయితే ఆ దుప్పటి అంచు దగ్గర నీరు సుడి తిరిగి తవ్వుతుంది, వంతెన స్తంభం మొదట్లో తవ్వినట్టు. దుప్పటి కింద గాలి ఆడక జీవులు చస్తాయి, వాటి బంకా పోతుంది. అన్ని ప్లాస్టిక్‌లూ ఒకే దిక్కుకు లాగవు, కానీ ఏదీ ఇసుకలాగా నమ్మకంగా ఉండదు.

ఇక వరద. ఇంగ్లండులో మాంచెస్టర్ చుట్టూ ఉన్న నదుల్లో 40 చోట్ల అడుగు మట్టి తీసి పరీక్షించారు. ఒకచోట చదరపు మీటరుకు 5 లక్షల 17 వేల ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయి. 2015 చివర్లో అక్కడ పెద్ద వరదలు వచ్చాయి. వరద తీశాక వాళ్లు మళ్లీ వెళ్లి అవే చోట్ల మట్టి తీశారు. అడుగున ఉన్న ప్లాస్టిక్‌లో దాదాపు 70 శాతం లేదు. సుమారు 4,300 కోట్ల రేణువులు కొట్టుకుపోయాయి. 2018లో ఇది ప్రచురించినప్పుడు కొందరు సంతోషించారు, వరద నదిని కడిగిందని. ఎగువ వాళ్లకు అది కడగడమే. దిగువ వాళ్లకు మాత్రం అది పారబోత.

మన గోదావరికి ఏడాదిలో ఎక్కువ నీరు జూన్ నుంచి అక్టోబరు లోపు వచ్చేస్తుంది. మిగిలిన నెలలన్నీ ఊళ్ల మురుగు పాయల్లో మెల్లగా పారుతూ అడుగున దాచుకోవడమే. తర్వాత ఒక వారంలో లెక్క తేలుతుంది. 2022 జూలై గుర్తుందా? భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, యానాం వీధుల్లో పడవలు తిరిగాయి. ఇళ్లలో మిగిలిన బురదను పారలతో ఎత్తి పోసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. ఆ బురద ఎక్కడెక్కడి అడుగు నుంచి లేచి వచ్చిందో ఎవరు అడిగారు? పైగా నది సముద్రాన్ని తాకే చోట ఉప్పునీటికి బంకమట్టి ముద్దలు కట్టి దిగిపోతుంది, దానితో ప్లాస్టిక్‌నూ దించుతుంది. పోటు వచ్చి వెనక్కి నెడుతుంది. కోరంగి మడ అడవుల వేళ్లు ఒండ్రును పట్టినట్టే దీన్నీ పట్టుకుంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మన లంకలు కోసుకుపోతున్నది ప్లాస్టిక్ వల్ల అని ఎవరైనా అంటే నమ్మకండి. గోదావరి 1970లలో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఆనకట్టలు ఒండ్రును పట్టి ఉంచుతున్నాయి. ఒండ్రు లేని నీరు ఆకలి మీద ఉంటుంది, దొరికిన అడుగును తింటుంది. దాని మీద ఇసుక ర్యాంపులు, యంత్రాలు. డెల్టా అంచు సముద్రంలో కలవడానికి పెద్ద కారణాలు ఇవి. రేపు ఇసుక తవ్వేవాళ్లే ప్లాస్టిక్ మీద నేరం మోపి, బడి పిల్లలతో ఒడ్డున కవర్లు ఏరించి ఫోటో దిగితే మనం చప్పట్లు కొట్టకూడదు.

అయితే ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి తోడు. కొత్త ఇసుక రావడం తగ్గింది, ప్లాస్టిక్ రావడం తగ్గలేదు. అంటే ఏటి అడుగులో ప్లాస్టిక్ వాటా ఎలా ఉంటుందో మీరే లెక్క కట్టుకోండి. బియ్యంలో రాళ్లు అన్నే ఉన్నా, బియ్యం మూడో వంతుకు తగ్గితే ముద్ద ముద్దకీ రాయి తగులుతుంది. ఇసుక యంత్రం పెట్టిన చోట లోతున దాగిన ప్లాస్టిక్ వరద కోసం ఎదురుచూడక్కర్లేదు. వేసవిలోనే లేస్తుంది.

దీనికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు? లంకభూముల్లో సాగు చేసుకునే కుటుంబాల్లో దళితులు ఎందరో. గట్టు జారిపోతే కాగితం మీద సర్వే నంబరు ఉంటుంది, కింద నేల ఉండదు. పంట పోతే పరిహారం అంటారు, పొలమే పోతే ఏమంటారు? వల వేసేవాళ్లకు వలలో ముందు వచ్చేది కవర్లు. పులస ఎదురీదే నీరు, అది తినే సన్నని మేత, ఈ అడుగు నుంచే లేస్తుంది. పడవ మీంచి మునిగి బకెట్టుతో ఇసుక తీసే కూలీ ఆ అడుగునే తలమీద మోస్తాడు. వీళ్లలో ఎవరూ సీసాల నీళ్లు కొని తాగేవాళ్లు కారు.

మరి మన వంతు? ఫ్లెక్సీలు. సువార్త కూడికలు, వార్షికోత్సవాలు, క్రిస్మస్, పాస్టరుగారి పుట్టినరోజు. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ బట్ట మీద పీవీసీ పూత. రెండూ మునిగే రకాలే. కూడిక అయ్యాక అది పాకకు పైకప్పవుతుంది, తర్వాత కాలవ గట్టున చిరుగుతుంది, తర్వాత పొడి. క్రిస్మస్ నక్షత్రాల మీది మెరుపుల పొడి చాలావరకు పెట్ పలక తునకలే, అది పుట్టుకతోనే మైక్రోప్లాస్టిక్. పారేసే చిన్న ప్లాస్టిక్ కప్పులు ఎన్నో సంఘాల్లో బల్ల ఆరాధన దాకా వచ్చాయి. బాప్తిస్మానికి గోదావరి రేవులో దిగే సంఘాలవాళ్లు ఆ నీళ్ల గురించి కనీసం ఒక మాట మాట్లాడుకోవాలి. ఇక బట్టలు. పాలిస్టర్ చీర, టీషర్టు ఉతికిన ప్రతిసారీ పోగులు రాలతాయి. తిరుప్పూరు వాళ్లకు వస్తాను అన్నాను కదా. మీ నొయ్యల్ నది రంగుల గురించి దేశమంతా మాట్లాడింది, పోగుల గురించి మాట్లాడలేదు. చెన్నై కూవం అడుగు సంగతి చెన్నైవాళ్లే చెప్పాలి.

దేశంలో 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. 100 మైక్రాన్ల కంటే పలచటి పీవీసీ బ్యానర్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. అంటే మందంగా ఉంటే చాలు, చెల్లుతుంది. షాంపూ, గుట్కా లాంటి పొరల ప్యాకెట్లు మన ఊళ్లలో ఇంకా తోరణాలుగా వేలాడుతూనే ఉన్నాయి. కొనేవాడిది తప్పా, రూపాయి ప్యాకెట్టు తప్ప కొనలేని స్థితిలో ఉంచినవాళ్లదా అన్నది మన సంఘాల్లో చర్చకు రావాలి. నా మటుకు నాకు ప్యాకెట్టు తయారుచేసేవాడినే ముందు అడగాలనిపిస్తుంది.

అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇసుక తవ్వాలంటే ముందు జిల్లా సర్వే నివేదిక ఉండాలి, తవ్వినంత ఇసుక మళ్లీ చేరుతోందా లేదా అన్న లెక్క ఉండాలి. ఆ నివేదిక మీ జిల్లాలో ఎక్కడుందో అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. నది కోతకు ఇల్లూ పొలమూ పోయినవారికోసం 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. మీ లంక పేరు మీద ఎవరైనా ప్రతిపాదన పంపారా? గ్రామసభలో ఈ ఒక్క ప్రశ్న వేయండి చాలు.

చివరగా, యువతకు ఒక పని. ఖర్చు ఒక ఉప్పు ప్యాకెట్టు. ఏటి ఇసుక ఒక డబ్బాడు తెచ్చి ఆరబెట్టండి. గాజు సీసాలో నీళ్లు పోసి, ఇక కరగనంత వరకు ఉప్పు వేయండి. ఆ నీరు మామూలు నీటికి 1.2 రెట్లు బరువు. ఇసుక అందులో వేసి కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి కవర్ల ముక్కలు, థర్మోకోల్, నైలాన్ పోగులు పైకి తేలతాయి, ఆకుల చెత్త కూడా తేలుతుంది. భూతద్దం కింద వాటిని వేరు చేసి లెక్కపెట్టండి. సీసా ముక్కలు, ఫ్లెక్సీ పొడి ఆ ఉప్పునీటిలో కూడా మునుగుతాయి, అంటే మీ లెక్క అసలుకంటే ఎప్పుడూ తక్కువే. మేలో వానలకు ముందు ఒకసారి, నవంబరులో వరద తీశాక అదే చోట ఇంకోసారి చేయండి. నాందేడ్‌లో ఒక జట్టు, సిరొంచలో ఒక జట్టు, జయపురంలో ఒకటి, ఇక్కడ యానాంలో ఒకటి. నాలుగు చోట్లా ఒకే డబ్బా కొలత వాడండి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు.

ఇసుక ఒడ్డున తడిసిన చోటునుంచే తీయండి. నీళ్లలోకి దిగవద్దు. యంత్రాలు తవ్విన గుంతలు పైనుంచి కనబడవు.